అరగంట బావ గ్యారంటీ

మా బావని ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అరగంట అంటారు. ఎక్కడికి రమ్మన్నా చెప్పిన వేళకి అరగంట ముందే దిగిపోతాడు కాబట్టి ఆ పేరు. పెట్టినవాళ్ళు మర్యాదస్తులు, తగ్గించే పెట్టారు. తన పెళ్ళికి ఆయన ఎంత ముందొచ్చాడంటే, హాల్లో ఇంకా చీపుళ్ళే తిరుగుతున్నాయి. కుర్చీలు అద్దెకిచ్చేవాడు బావని తన మనిషే అనుకుని, "గుడ్లప్పగించి చూస్తావేంటి, ఆ వరస సర్దు" అని కసిరాడు. మేం వెళ్ళేసరికి పెళ్ళికొడుకు కొత్త బట్టల్లో చెమటలు కక్కుతూ కుర్చీలు వేస్తున్నాడు. మా అక్క ఆ రోజే ఆలోచించుకోవాల్సింది.

సినిమాకెళ్తే ముందు ఆట చివరి భాగం చూస్తాడు. తన ఆట అయ్యేలోపు జనం రోడ్డు మీద పడతారని మధ్యలోనే లేచి వచ్చేస్తాడు. ఏ సినిమా అయినా ఆయనకి హత్య చేసినవాడెవడో ముందు తెలుస్తుంది, చచ్చినవాడెవడో తర్వాత తెలుస్తుంది. ఒకసారి వీధి చివరి దర్జీ ఆసుపత్రిలో పడితే, ఇవాళో రేపో అంటున్నారని ఎవరో చెప్పారట. బావ పూలదండ పట్టుకుని వెళ్ళాడు. దర్జీ మంచం మీద లేచి కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ దర్జీ ఇప్పటికీ బతికే ఉన్నాడు, బావ బట్టలు మాత్రం కుట్టడు.

వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ముచ్చట బావ గడియారాలతో తీర్చుకుంటున్నాడని నేనంటే, అక్క నవ్వేసి ఊరుకునేది.

ఇలాంటి మనిషికి ఎక్కడైనా తిండి దొరుకుతుందా అంటే, మా ఊళ్ళోనే దొరికింది. మాది రేవు ఊరు. విహార ఓడలొస్తాయి, క్రూయిజులంటారే, అవి. పొద్దున ఓడ దిగిన జనం ఊరంతా తిరిగి సాయంత్రానికి మళ్ళీ ఎక్కాలి. ఎక్కకపోతే ఓడ ఆగదు. బావకి పదహారు సీట్ల వ్యాన్ ఉంది. వాళ్ళని తిప్పి తీసుకురావడం ఆయన పని. తిప్పడం అంటే తిప్పడమే, చూపించడం కాదు. పాత కోటని వ్యాన్ కిటికీలోంచి చూపిస్తాడు. మ్యూజియం అయితే గేటు వరకే. బీచి దగ్గర "అదిగో నీళ్ళు" అంటాడు. సముద్రం మీద పడి వచ్చినవాళ్ళకి నీళ్ళు కొత్తా అని ఆయన వాదన.

దారి పొడుగునా ఓడ తప్పినవాళ్ళ కథలు చెప్తాడు. రేవు గట్టు మీద సంచులు పట్టుకుని పరుగెత్తే మొగుడూ పెళ్ళాలు, పైన ఓడ రెయిలింగు పట్టుకుని ఈలలు వేస్తూ చప్పట్లు కొట్టే తోటి ప్రయాణికులు, కళ్ళ ముందే జరిగిపోయే ఓడ. చప్పట్ల దగ్గర బావ స్టీరింగ్ వదిలేసి నిజంగానే చప్పట్లు కొట్టి చూపిస్తాడు. వెనక సీట్లో ఎవరో ఒకావిడ "చూసింది చాలు, వెనక్కి పోనివ్వండి" అనేస్తుంది. అక్కణ్ణుంచి అందర్నీ రేవు దగ్గరి వెయిటింగ్ హాల్లో కూలేస్తాడు. పాపం వాళ్ళు మధ్యాహ్నమంతా ఆ బల్లల మీద కూర్చుని మా ఊరి గోడ చూసి పోతారు.

వ్యాన్ వెనక అద్దం మీద ఎర్ర అక్షరాలతో ఒక మాట రాయించాడు: "ఓడ తప్పితే తిండీ పడకా మావే. గ్యారంటీ." ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ వెనక వదల్లేదని ఆయన గొప్ప. అది చెప్పేటప్పుడు ఛాతీ ఎలా ఉబ్బుతుందంటే, ఓడలన్నీ ఈయన సెలవిస్తేనే కదులుతాయేమో అనిపిస్తుంది.

మా అక్కా ఓడ మనిషే. అలాంటి ఓడలో గదులు సర్దే పని. పక్కలు మార్చడం, తువ్వాళ్ళు మడవడం, పిలిస్తే పరుగెత్తడం. నీటి మట్టానికి కింద ఎక్కడో కిటికీ లేని గది, రెండంతస్తుల మంచం, పైన ఇంకొకావిడ. పడుకున్నా ఫోన్ మోగుతుంది, తింటున్నా మోగుతుంది. ఆ జీతంతోనే కొండ మలుపు దగ్గర మేడ లేచింది. పునాది నుంచి పెయింట్ వరకూ అన్నీ అక్క ఫోన్లోనే చూసింది. మేడ పూర్తయ్యి, బావ అద్దె గదుల్లోంచి అందులోకి మారి చాలా కాలమైంది. అక్క మాత్రం ఆ గడప తొక్కలేదు.

ఈసారి వాళ్ళ ఓడకి దారి మారి, మా ఊళ్ళో ఒక్క పూట ఆగుతుందని తెలిసింది. అక్క ఫోన్ చేసింది.

"చుట్టాలెవర్నీ పిలవకు. ఊరు తిప్పొద్దు. వంటలూ అవీ పెట్టుకోవద్దు. నా ఇంట్లో, నా మంచం మీద, ఒక్క గంట పడుకుంటానే చెల్లీ. ఎవరూ నన్ను పిలవకూడదు. అంతే."

"బావతో చెప్పావా?"

"చెప్పాను. సరేనన్నారు కానీ, గొంతులో ఏదో నీళ్ళు నమిలినట్టుంది."

నాకూ అనుమానం రాకపోలేదు. పోయిన నెల నుంచీ బావ నన్ను ఇంటికి రానివ్వడం లేదు. ఎప్పుడడిగినా నేలకి పాలిష్ పట్టిస్తున్నానంటాడు. ఓడ డెక్కు తుడవడానికి కూడా అన్నాళ్ళు పట్టదు. అయినా బావ కదా, చెత్త ఏదైనా పేరబెట్టి ఉంటాడులే అనుకున్నాను.

ఆ రోజు ఓడ సముద్రంలో చుక్కలా కూడా కనిపించకముందే బావ నన్ను రేవు గేటు దగ్గర నిలబెట్టాడు. ఓడ వచ్చింది, ప్రయాణికులు దిగారు, ఎండ ఎక్కింది. గదులన్నీ సర్దితే తప్ప అక్కకి సెలవు లేదు. మధ్యాహ్నం దాటాక వచ్చింది. బట్టలు మార్చుకునే తీరిక కూడా లేక, ఓడ బొమ్మ కుట్టిన నీలం చొక్కాతోనే పరుగున వచ్చింది. సన్నబడింది. నన్ను పట్టుకుని వదల్లేదు. ఇద్దరం ఏడుస్తుంటే బావ మధ్యలో దూరి, "వ్యాన్లో ఏడవచ్చు, ఎక్కండి" అన్నాడు.

ఎక్కాం. సిబ్బంది ప్రయాణికులకంటే బాగా ముందే ఓడలో ఉండాలి. ప్రయాణికుడు వెనకబడితే టికెట్టు పోతుంది, పనిచేసేవాళ్ళు వెనకబడితే పనే పోతుంది. ఆ పని పోతే మేడ మీద అప్పు తీర్చేవాళ్ళెవరూ లేరు. అది అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే బావ తొందరని మొదట ఇద్దరం ఏమీ అనలేదు. కానీ వ్యాన్ కొండ వైపు తిరగలేదు. సముద్రం ఒడ్డు రోడ్డు పట్టుకుంది.

"ఎడం వైపు పాత దీపస్తంభం" అన్నాడు బావ.

"బావా, అక్క పుట్టింది ఈ ఊళ్ళోనే" అన్నాను.

"రంగులేశారు కదా, కొత్తగా ఉంటుందని." తర్వాత టైరులో గాలి చూపించాడు. తర్వాత అద్దం తుడిపించాడు. ఒక బడ్డీ దగ్గర ఆపి, చల్లగా ఏమైనా తాగుతారా అన్నాడు. పెళ్ళైనప్పటి నుంచీ బావ ఎక్కడా ఆగి ఏమీ తాగించిన మనిషి కాదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంటికి పోనిస్తావా, నన్ను తోలమంటావా?"

పోనిచ్చాడు. కొండ మలుపు తిరిగాక వ్యాన్ మెల్లగా పాకింది. ఇంజన్ ఆపలేదు. కిటికీ అద్దం దించి, చెయ్యి బయటికి చాపి, టూరిస్టులకి చెప్పే గొంతుతోనే, "అదిగో ఇల్లు. రంగు చూశావుగా? పైన రెండు గదులు, కింద హాలు. ఫోటో తీసుకో, ఎండ బాగుంది. ఇక వెనక్కి తిరిగితే మనకి ఏ బెంగా ఉండదు" అన్నాడు.

అక్క ఆయన వంక చూసింది. కోపం కూడా కాదు, నమ్మలేకపోవడం. సొంత ఇంటిని కోటలా కిటికీలోంచి చూసి వెళ్ళిపొమ్మంటున్నాడు మొగుడు. తలుపు జరిపి దిగేసింది. నేనూ దిగాను.

మేడ మీద తాడుకి ఆరేసిన బట్టల్లో ఒక పెద్ద నిక్కరు ఊగుతోంది. నిండా చిలకల బొమ్మలు. బావ నడుము దాంట్లో మూడుసార్లు తిరుగుతుంది.

"అదెవరిదండీ?" అంది అక్క.

బావ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అది... పైకెళ్ళకు. ముందు నా మాట విను."

ఆవిడ మెట్లెక్కేస్తోంది. తలుపు కొట్టాల్సిన పని కూడా లేకపోయింది. ఒక పెద్దావిడ తెరిచింది. నెత్తిన తువ్వాలు చుట్టుకుని, చేతిలో అక్క కొనిపంపిన కప్పు పట్టుకుని ఉంది. అక్క చొక్కా మీద ఓడ బొమ్మ చూడగానే మొహమంతా నవ్వైంది.

"వచ్చావా తల్లీ! ఓడవాళ్ళు ఎవర్నో ఒకర్ని పంపకపోరని మావారితో అంటూనే ఉన్నా. రా రా. తువ్వాళ్ళు మార్చి ఎన్నాళ్ళైందో. పక్కగుడ్డలూ అంతే. ఆ డ్రైవరు మంచివాడే కానీ, పొద్దున మేం లేవకముందే వెళ్ళిపోతాడు, ఎవరితో చెప్పుకోను? మెల్లగా అడుగెయ్యి, ఆయనకి ఇప్పుడే కునుకు పట్టింది."

లోపల, అక్క మంచం మీద, ఆ పెద్దావిడ మొగుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

బావ నా వెనకే మెట్ల మీద నిలబడి గుసగుసగా కథంతా కక్కాడు. పోయిన నెల ఓడలో వచ్చారట వీళ్ళు. దిగి చూడాల్సిందేనని పట్టుబడితే కోట దగ్గర దింపి, ఫలానా వేళకి వ్యాన్ దగ్గరికి రమ్మన్నాడు. వాళ్ళు సరిగ్గా ఆ వేళకే వచ్చారు. బావ దృష్టిలో సరిగ్గా అంటే ఆలస్యం కదా! ఆయన అప్పటికే మిగతావాళ్ళని రేవులో దింపేసి, తొందరగా వచ్చేశాం అని సంబరపడుతున్నాడు. ముందే పోనివ్వాలన్న కంగారులో తలలు లెక్కపెట్టలేదు. వాళ్ళు మాత్రం టాక్సీ కోసం కూడా చూడలేదు. అద్దం మీద గ్యారంటీ చదివారు కదా, ఆయనే వస్తాడని కోట గోడ మీద కూర్చున్నారు. ఓడ వెళ్ళిపోయింది. ఓడవాళ్ళు వీళ్ళ పాస్‌పోర్టులు రేవు ఆఫీసులో ఇచ్చి పోయారు. తర్వాతి ఊరికి విమానంలో వెళ్ళి ఓడ అందుకోవచ్చు. కానీ అవసరమేముంది? ఇల్లూ వాకిలీ అమ్మేసుకుని ఓడల మీదే కాలం గడుపుతున్నవాళ్ళు. ఓడ తిరిగి ఇటు వచ్చేదాకా తిండీ పడకా ఉచితమని రాసుంది. ఇక్కడ నేల ఊగడం లేదని ముసలాయనకి మహా సుఖంగా ఉందట.

"నన్నేం చెయ్యమంటావు మరదలా? బయట పెడితే ఊరంతా తెలిసిపోతుంది. ఇన్నేళ్ళ పేరు!"

అంటే అదన్నమాట. పెళ్ళాం పనికంటే ముందు తన పేరు గురించి ఈ దొంగ దారులన్నీ.

లోపల అక్క ఏం చేస్తోందో చూస్తే నా ఒళ్ళు మండిపోయింది. ముసలాయన దొర్లి ఒక పక్కకి జరిగితే, ఖాళీ అయిన పక్క మీద దుప్పటి లాగి, మూల మడిచి, పరుపు కింద దోపుతోంది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. దిండు తట్టి నిలబెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకేమైనా కావాలామ్మా?" అని కూడా అంది. పెద్దావిడ మురిసిపోయి, "ఆ కిటికీ గడియ కాస్త పట్టేస్తోంది, ఎవరికైనా చెప్పు" అని, పర్సులోంచి ఒక నోటు తీసి అక్క చేతిలో కుక్కింది.

అక్క ఆ నోటు వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఈ ఇల్లు ఆవిడదండీ!" అని అరిచాను. "మీరు పడుకున్న మంచం ఆవిడది. ఆ కప్పు ఆవిడది. ఈ గోడలు ఆవిడ కట్టించింది. ఇవాళే మొదటిసారి వచ్చింది!"

నా కేకకి ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. పెద్దావిడ మొహం పాలిపోయింది. కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులా పట్టుకుని, "మాకు తెలీదమ్మా... మేం గ్యారంటీలో ఉన్నామండీ" అంది. ఆ మాటకి అక్క ఒక్కసారి పక్కున నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. అందులో ఎంత నవ్వో ఎంత ఏడుపో నేను చెప్పలేను.

చెడ్డవాళ్ళు కారు ఆ ముసలివాళ్ళు. మొహం చెల్లక ఇద్దరూ వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. పెద్దావిడ వెళ్తూ వెళ్తూ, తాము వచ్చేసరికి పరుపు మీద షాపువాడి ప్లాస్టిక్ కూడా తియ్యలేదని, తామే తీశామని చెప్పింది. బావ ఇన్నాళ్ళూ హాల్లో తలుపు పక్కన చాప మీద పడుకుంటున్నాడట, పొద్దున్నే బయటపడ్డానికి వీలని.

అక్క పాత పక్కగుడ్డ తీసేసి కొత్తది పరిచింది. చెప్పులు విప్పింది. మంచం మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చూసి, "ఫ్యాను ఇక్కడ పెట్టారన్నమాట" అంది. కళ్ళు మూసుకుంది. నేను తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాను. ఇంకా బోలెడు టైముంది. ఎంత నెమ్మదిగా వెళ్ళినా చాలినంత.

కింద హారన్ మోగింది.

ఒకసారి కాదు. టూరిస్టుల్ని వ్యాన్లోకి తోలేటప్పుడు కొడతాడే, అలా ఆగకుండా. పరుగున వరండాలోకి వెళ్ళి, ఆపమని చేతులూపాను. ఆయన గడియారం చూపించి ఇంకా గట్టిగా కొట్టాడు. వెనక్కి తిరిగేసరికి అక్క లేచి చెప్పులు వేసుకుంటోంది. మంచం మీద ఆవిడ ఒళ్ళు ఆనిన చోటు కూడా కనబడకుండా దుప్పటి సర్దేసింది.

"ఇక్కడా పిలుపేనే" అంది.

"నేను కిందకెళ్ళి వాడి చెయ్యి విరుస్తాను. నువ్వు పడుకో."

"వద్దు. ఇక పట్టదు."

"వీళ్ళని పంపించెయ్యనా?"

"ఉండనీ. కిటికీలైనా తెరుస్తారు."

వ్యాన్ ఎక్కి, చేతిలో నలిగిన ఆ నోటు బావ ముందు పెట్టింది. "గెస్టులు ఇచ్చారండీ. మీ గ్యారంటీ ఖర్చులకి ఉంచండి." బావకి చీమ కుట్టినట్టైనా లేదు. రేవు దారిలో అడ్డదారులన్నీ తొక్కి, ట్రాఫిక్‌ని తిట్టి, రేవు గేటు ముందు బ్రేకు వేసి, ఊపిరి వదిలాడు. "చూశావా, ఎంత ముందు తెచ్చానో!"

గేటు దగ్గరి కాపలా మనిషి అక్క కార్డు చూశాడు. "ఇంత తొందరగా వచ్చేశారేంటమ్మా? సిబ్బందిని లోపలికి వదలడానికి ఇంకా చాలా టైముంది. ఈ ఊరేగా మీది, ఇంటికెళ్ళి ఓ కునుకు తీసి రావాల్సింది."

బావ మొహం వెలిగిపోయింది. ఆయనకది మెచ్చుకోలులా వినపడింది. "మన పద్ధతే అంతండీ" అని కాపలా మనిషి భుజం మీద చెయ్యేసి, తన లెక్కలన్నీ విప్పడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అంత కోపం వచ్చినా ఏమీ చెయ్యలేకపోతే వచ్చే ఏడుపు.

అక్క వెయిటింగ్ హాల్లోకి నడిచింది. బల్ల మీద సంచి పెట్టుకుని, దాని మీద తల వాల్చి, కాళ్ళు ముడుచుకుంది. నా చున్నీ తీసి కప్పాను.

"ఎవరైనా పిలిస్తే నేను లేనని చెప్పు" అంది. మరుక్షణం నిద్రపోయింది. చిన్నప్పుడు కూడా అంత తొందరగా నిద్రపోయేది కాదు.

చాలాసేపటికి మైకులో సిబ్బందిని రమ్మన్నారు. బావ కొంపలు మునిగినట్టు పరుగెత్తుకొచ్చాడు. "లేపు, లేపు! గేటు తెరిచారు!"

"అక్క లేదు" అన్నాను.

"అదేంటి, ఇదిగో ఇక్కడే ఉందిగా!"

"నీకు లేదు బావా. నోరెత్తావంటే ఆ చిలకల నిక్కరు సంగతి ఇక్కడే మైకులో చెప్పిస్తాను."

నీలం చొక్కాలు ఒక్కొక్కటే గేటు దాటుతున్నాయి. ఒకటి దాటినప్పుడల్లా బావ గేటు వైపు రెండడుగులేసి వెనక్కి వస్తున్నాడు. నిలబడతాడు, కూర్చుంటాడు, గడియారం చెవి దగ్గర పెట్టుకుంటాడు. నాకు మాత్రం ధైర్యముందా? పని పోతే ఆ మంచం కూడా ఉండదు. అయినా లేపలేదు. ఎవరూ పిలవకూడదంది కదా.

హాలు ఖాళీ అయ్యింది. కాపలా మనిషి గేటు మీద చెయ్యి వేశాడు. అప్పుడు అక్క తనంతట తనే కళ్ళు తెరిచింది.

"ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"నువ్వొక్కదానివే."

ఒళ్ళు విరుచుకుంది. చున్నీ దులిపి, అంచులు కలిపి మడిచి నా చేతికిచ్చింది. నన్ను దగ్గరికి తీసుకుని, "బాగా పట్టిందే" అంది. గేటు వైపు నడిచింది. పరుగెత్తలేదు. బావ పక్కనే ఉరుకుతూ, "తొందరగా, తొందరగా" అంటుంటే, ఆగి ఆయన చొక్కా కాలరు సరిచేసి, "ఆరోగ్యం చూసుకోండి" అని లోపలికెళ్ళిపోయింది. ఆవిడ వెనకాలే గేటు మూశారు.

బావ అక్కడే గోడకి జారబడిపోయాడు. మొహాన నెత్తురు లేదు. "అందరికంటే చివర్న వెళ్ళింది" అన్నాడు. "నా వ్యాన్లో వచ్చి, అందరికంటే చివర్న! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

నేను సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను. "మరదలా, ఆగు, వ్యాన్లో దింపుతాను" అని వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. రోడ్డు మలుపు తిరిగేదాకా వినపడింది.